కదపని పీపా

మధ్యాహ్నం మూడు గంటలు...!

పట్టపగలే చీకటి! నీలికొండ శిఖరాల మీద కృష్ణమేఘాలు పేరుకుపోయాయి. ఎక్కడో దూరంగా ఉరుము... దాని వెనకే ఇంకో ఉరుము... కిస్లర్ వాళ్ల ధాన్యపు కొట్టం దూలం మీద గుడ్లగూబ కూసింది. ఒకసారి కూసి ఊరుకుందా, ముమ్మారు కూసింది! పగటిపూట గుడ్లగూబ కూస్తే ఏమవుతుందో మా బెర్క్స్ కౌంటీలో చంటిపిల్లని అడిగినా చెబుతుంది. నేను మాత్రం ఆ కూత విని కూడా, చేతిలో మీగడ గిన్నె పట్టుకుని, బుద్ధి లేనిదానిలా ఆ ఇంట్లోకి వెళ్లాను.

వంటింట్లో బల్ల ముందు సెవిలా కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి... ఆ కళ్లలో మాత్రం మనిషి లేదు! కుడిచేతి పిడికిలి బిగిసింది. పైకి లేచింది. బల్ల మీద పడింది.

టక్... టక్... టక్...

కాస్త ఆగి, టక్... టక్...

మూడు, తర్వాత రెండు. మళ్లీ మూడు, తర్వాత రెండు. కణుపుల మీద చర్మం లేచిపోయి లోపలి ఎముక తెల్లగా కనబడుతోంది. బల్ల చెక్కలో నెత్తురు ఇంకి నల్లగా గుంట పడింది. ఆపుదామని చెయ్యి పట్టుకుంటే నన్ను ఎత్తి గోడకేసి కొట్టింది! అది ముప్పై రెండేళ్ల బక్కపల్చటి ఆడది. నన్ను ఎత్తాలంటే ఇద్దరు మగాళ్లు కావాలి, సిగ్గెందుకు, ఊరందరికీ తెలిసిందే. అప్పుడు దాని నోరు తెరుచుకుంది. వచ్చిన గొంతు దానిది కాదు. ఆరేళ్ల పిల్ల గొంతు.

"అమ్మా, తలుపు తియ్యి. ఇంకెప్పుడూ చెయ్యను."

ఆ గొంతు నాకు తెలుసు. అప్పటికి పదకొండు నెలల కిందట ఆ పిల్ల శవపేటిక వెనకాల నడిచాను. ఆ చావుకి ఎండుద్రాక్షలు కూరిన తీపిరొట్టెలు పద్నాలుగు కాల్చింది ఈ చేతులే. మా ఊళ్లో ఎవరు పోయినా ఆ రొట్టె కాల్చేది నేనే, సలోమీ ట్రెక్సలర్‌ని. వేళగాని వేళ నా పొయ్యి పొగ కనబడితే చాలు, ఎవరింట్లో ఎవరు పోయారో అని జనం టోపీలు తీస్తారు.

జరిగిందేమిటో మొదట్నుంచీ చెప్తా వినండి. నిరుడు అక్టోబరులో కిస్లర్ వాళ్ల వాకిట్లో యాపిల్ పాకం కాచే రోజు. రాగి కాగు కింద తెల్లవారుతూనే నిప్పు వేస్తే పొద్దుగూకేదాకా తెడ్డు తిప్పుతూనే ఉండాలి. ఒక్క నిమిషం ఆగితే అడుగంటి ఏడాది పాకమంతా మాడి మసైపోతుంది. ఎనిమిది మంది ఆడవాళ్లం వంతులేసుకుని తిప్పుతున్నాం. నోళ్లు ఊరుకుంటాయా, ఊళ్లోవాళ్ల బతుకులన్నీ కూడా ఆ కాగులోనే వేసి తిప్పుతున్నాం. సెవిలా చిన్నకూతురు లిజ్జీ తనూ సాయం చెయ్యాలని, చక్కెర అనుకుని దోసెడు ఉప్పు తెచ్చి కాగులో పోసింది. అందరం పగలబడి నవ్వాం. సెవిలా మొహం మాత్రం కందిపోయింది, నలుగుర్లో పరువు పోయిందనుకుంది. పిల్ల చెవి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లింది. కాసేపటికి ఒక్కతే తిరిగొచ్చి, పడుకోబెట్టానని చెప్పి తెడ్డు అందుకుంది.

పడుకోబెట్టలేదు. నేలమాళిగ మెట్ల మీదికి తోసి, బయట గడియ పెట్టింది.

ఆ నెలల్లో మా ఇళ్లలో నేలమాళిగ తలుపు ఎవరూ మూయరు. కొత్త యాపిల్ రసం పీపాల్లో పొంగుతూ ఉంటుంది. ఆ పొంగులోంచి వచ్చే గాలి విషం! కంటికి కనబడదు, ముక్కుకి తెలియదు, కిందనుంచి నిండుకుంటూ వస్తుంది. మగాళ్లు దిగేముందు దీపానికి తాడు కట్టి దించుతారు. దీపం ఆరిందా, వెనక్కి వచ్చేస్తారు. సెవిలాకి ఇదంతా పుట్టినప్పట్నుంచీ తెలుసు. కోపంలో అది గుర్తు రాలేదు. తర్వాత కబుర్లలో పడి, పిల్లే గుర్తు రాలేదు... అయిదింటికి గుర్తొచ్చింది.

ఊరికి చెప్పింది వేరు. దాగుడుమూతలాడుతూ పిల్లే దిగింది, గాలికి తలుపు మూసుకుంది అంది. గాలి గడియ కూడా పెడుతుందా? ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం లవంగాల కోసం నేనొకసారి వాళ్ల వంటింట్లోకి వెళ్లొచ్చాను. ఆ సంగతి ఆఖర్న చెప్తా, ఇప్పుడు అడక్కండి.

మాలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో ప్రాణం పోతే, శవం గడప దాటేలోపు ఇంటివాళ్లు ఆ ఇంటి సొత్తు అన్నిటికీ చావు కబురు చెప్పాలి. ఆవుల్ని లేపి చెప్పాలి. తేనెపెట్టెల్ని జరిపి చెప్పాలి. నేలమాళిగలో వెనిగర్ పీపాని రెండు చేతులా పట్టి కదిపి, ఎవరు పోయారో, ఎలా పోయారో పైకి చెప్పాలి. చెప్పకపోతే ఆవు వట్టిపోతుంది, తేనెటీగలు లేచిపోతాయి, పీపాలో వెనిగర్ చచ్చిపోతుంది. అంతకన్నా ఘోరం... పోయినవాళ్లు పోయారని ఆ ఇంటికి తెలియదు. ఇల్లు వాళ్లని వదలదు!

సెవిలా మొగుడు మాలన్ ఆవుల్ని లేపాడు. తేనెపెట్టెలు జరిపాడు. నేలమాళిగవైపు వెళ్తే సెవిలా తలుపుకి అడ్డంగా పడుకుంది, నన్ను తొక్కుకుని వెళ్లు అంది. పీపా ముందు నిలబడి ఎలా పోయిందో చెప్పాలి కదా, అక్కడ అబద్ధమాడితే ఏమవుతుందో దానికి తెలుసు. మాలన్ మెతకమనిషి, ఆగిపోయాడు. లిజ్జీ శవపేటిక వాకిట్లోంచి వెళ్లిపోయింది. పీపా కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకి... నేలమాళిగ తలుపుని లోపలి నుంచి ఎవరో తట్టారు!

ఆ రోజు మొదలు ఆ ఇంట్లో సుఖమన్నది లేదు. మూడు కొట్టగానే వంటింటి దీపాలన్నీ వంగిపోయి ఆరిపోయేవి. పులిసిన యాపిల్ వాసన గోడల్లోంచి ఊరేది. తలుపు తీసి చూస్తే మెట్ల మీద ఎవరూ ఉండరు, మూయగానే మళ్లీ చప్పుడు... మూడు, తర్వాత రెండు. పాస్టరుగారు వచ్చి కీర్తన చదువుతూ చదువుతూ సగంలో లేచి, టోపీ అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఆ టోపీ కోసం ఇవాల్టికీ మనిషిని పంపలేదు. వేసవి వచ్చేసరికి తలుపు చప్పుడు ఆగి, సెవిలా పిడికిట్లోకి వచ్చి చేరింది.

అప్పుడు దిగాడు ఫోల్‌వైలర్!

కొండ అవతల, పాడుపడ్డ బొగ్గుబట్టీల మధ్య వాడి గుడిసె. బాణామతి, చేతబడి, మారణప్రయోగం... ఏ పాపం వాడి చేతికి అంటలేదు గనక! గొడ్డు చావాలన్నా, చూలు పోవాలన్నా జనం చాటుగా ఆ గుడిసెకే వెళ్లేవారు, ఆదివారం చర్చిలో ఏమీ ఎరగనట్టు కూర్చునేవారు. నిప్పుకణికల్లాంటి కళ్లు, ఎముకకి అంటుకుపోయిన చర్మం, భుజాన తోలుసంచి. ఆ సంచిలో పుర్రె... చిన్న పుర్రె... ఏ తల్లి కన్న బిడ్డదో! పుర్రెని బల్ల మీద పెట్టి, నెత్తుటి గుంట మీద వేలితో రాస్తూ వాడు నవ్వాడు. సెవిలా చెప్పకుండానే వాడికి అంతా తెలిసిపోయింది.

"నీ లిజ్జీ ఎక్కడికీ పోలేదమ్మా," అన్నాడు. "తలుపు వెనకే ఉంది. ఉండటానికి ఒళ్లు లేదు, అంతే. నీ ఇంట్లో ఇంకో ఒళ్లు తిరుగుతోంది కదా."

పెద్దకూతురు మార్త గురించి వాడు అంటున్నది. పదేళ్ల పిల్ల, తలొంచుకుని తన పని తను చేసుకుపోయే పిల్ల. మరి మార్త ఏమవుతుందని సెవిలా అడిగింది.

"ఇద్దర్లో ఎవరు కావాలో నన్నడుగుతావేం? కన్నదానివి నువ్వు."

వాడికి కావలసింది వేరే! కన్నతల్లి చేతుల్లో, మూసిన తలుపు వెనక, పిలిచి పిలిచి పోయిన పసిప్రాణం... క్షుద్రోపాసకుడికి అంతకన్నా మహాశక్తి మరొకటి లేదట. దాన్ని పుర్రెలో బంధించాలి. బంధించాలంటే అదే చోట, అదే ఘడియలో, అదే నెత్తురు పంచుకున్న మరో ప్రాణం బలి కావాలి. లిజ్జీ తిరిగి రావడం, సెవిలా ఒళ్లో కూర్చోవడం... అంతా ఒట్టి బూటకం! మూడు రోజులు సెవిలా తిండి ముట్టలేదు. నాలుగోరోజు లిజ్జీ నీలం గౌను పెట్టెలోంచి తీసి ఉతికి ఆరేసింది.

ఆ రోజు ఎలా ఉందో అంతా అలాగే ఉండాలన్నాడు మాంత్రికుడు. కొత్త రసం నింపిన ఏడు పీపాల్ని మాలన్ చేత బయటి తలుపు గుండా నేలమాళిగలోకి దొర్లించాడు. పెళ్లాం బాగుపడుతుందన్న ఆశతో పాపం మాలన్ చెప్పిందల్లా చేశాడు. బయటి తలుపు సందుల్ని, గోడల బీటల్ని మైనంతో, మట్టితో మెత్తించాడు. ఆత్మ జారిపోకూడదట! దిగేముందు దీపం దించి చూడమని మాలన్ ఒక్కమాట అన్నాడు. నాకు దీపం దారి చూపించే రోజులు పోయాయని ఫోల్‌వైలర్ నవ్వాడు. కొండ మీద పుట్టినవాడికి యాపిల్ తోటల సంగతి ఏం తెలుస్తుంది?

లిజ్జీ పోయి ఏడాది నిండే రోజు రానే వచ్చింది!

మాలన్‌ని గోధుమల బండితో మిల్లుకి పంపేసింది సెవిలా. నేను కంచె దగ్గర బట్టలు తీస్తున్నాను. ఆకాశం నల్లబడుతోంది, ఉరుములు కొండ దిగి వస్తున్నాయి. కంచె అవతల మార్త నిలబడి ఉంది. చెల్లెలి నీలం గౌను దాని ఒంటి మీద! చంకల దగ్గర కుట్లు పిగిలిపోయి, మోకాళ్ల పైకి ఎగదన్నుకుని ఉంది.

"ఏమే మార్తా, చెల్లి గౌను నీకెందుకే?"

"అమ్మ తొడిగింది, సలోమీ అత్తా. పొద్దుట్నుంచీ నన్ను లిజ్జీ అనే పిలుస్తోంది."

ఇంట్లోంచి సెవిలా పిలుపు వినబడింది, లిజ్జీ, లిజ్జీ అని. మార్త వెళ్లిపోయింది. కొట్టం మీద గుడ్లగూబ కూసింది... ఒకటి... రెండు... మూడోది వినకుండానే నేను కంచె తొక్కుకుంటూ పరిగెత్తాను.

నేలమాళిగ తలుపు బార్లా తెరిచి ఉంది. కింద, అంధకారంలో, ఒకే ఒక్క దీపం. పాత వెనిగర్ పీపా మీద ఆ పుర్రె! చుట్టూ ఎర్రటి ముగ్గు, దాని మధ్య ఫోల్‌వైలర్... ఏ భాషో తెలియని భీకర మంత్రాలు... వాడి కంఠం క్షణక్షణానికీ బొంగురుపోతోంది. మెట్ల పైన గడపలో సెవిలా నిలబడి మార్త మణికట్టు పట్టుకుంది. వేళ్లు పిల్ల చర్మంలోకి దిగిపోయాయి.

నేను అడ్డం వెళ్లాను. ఒక్క తోపుకి పొయ్యి పక్కన పడ్డాను.

"నీకు బిడ్డలు లేరు వదినా," అంది సెవిలా. తిడుతున్నట్టు కూడా లేదు, పాలు పొంగాయని చెప్పినట్టు చెప్పింది. "నీకు తెలియదు. పక్కకి ఉండు."

కింద దీపం కుంచించుకుపోయింది... నీలంగా మారింది... ఆరిపోయింది! "వచ్చేసింది!" అని ఫోల్‌వైలర్ వికటాట్టహాసం చేశాడు. "దీపాన్ని తాగేసింది, చూశావా! దించు పిల్లని, ఊఁ, దించు!" ఆ నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చింది వాడికి. గోడ మీద గడియారం మూడు కొట్టింది. తెరిచి ఉన్న తలుపు చెక్క దానంతటది అదరడం మొదలుపెట్టింది... మూడు... తర్వాత రెండు...

మార్త ఏడవలేదు. గింజుకోలేదు. తల ఎత్తి తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, నన్ను కూడా అయిదింటిదాకానే ఉంచుతావా?"

సెవిలా చూపు గడియ మీదికి వెళ్లింది.

"లిజ్జీని పెట్టినప్పుడు నేను అల్మారా పక్కనే ఉన్నాను. గడియ తీద్దామని ఎగిరాను. అందలేదు. ఎవరికైనా చెప్తే నన్నూ పెడతావని చెప్పలేదు."

ఏడాది! ఏడాది పాటు ఆ పిల్ల ఆ మాట కడుపులో పెట్టుకుని, ఆ తల్లి వడ్డించిన తిండి తిని, ఆ తలుపు ముందు నుంచి రోజూ నడిచింది. సెవిలా వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. మార్త మణికట్టు మీద అయిదు గుర్తులు నల్లగా మిగిలాయి. సెవిలా గడప మీద మోకాళ్ల మీద కూలబడి, ఆ చీకట్లోకి, ఆ పీపా వైపు గొంతు చించుకుని చెప్పింది.

"లిజ్జీ పోయింది. నా లిజ్జీ పోయింది. నేనే పెట్టాను గడియ. నేనే మర్చిపోయాను."

పిడుగు పడింది! ఇల్లు పునాదులతో సహా కంపించింది. ఎవరూ ముట్టుకోకుండానే కింద ఆ పాత పీపా కదిలింది... ఊగింది... దాని పక్కన ఏడు పీపాలూ ఊగాయి! పుర్రె దొర్లి నేల మీద పడి రెండు చెక్కలైంది. ఆ చెక్కల్లోంచి సన్నగా ఒక నిట్టూర్పు, ఎన్నేళ్లుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు... "ఎవరది? నన్ను ముట్టుకోకు! నీ యజమానిని నేను!" అని మాంత్రికుడు ఆర్తనాదం చేస్తూ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. వాడి చెయ్యి గడపని తాకబోయేంతలో తలుపు ధడేల్మని మూసుకుంది. మా ముగ్గురి కళ్ల ముందే, ఎవరి చెయ్యీ పడకుండా, గడియ మెల్లగా జరిగి బిగుసుకుంది.

ఇక లోపలి నుంచి తట్టడం మొదలైంది.

ముందు బెదిరించాడు. మీ వంశం నాశనం చేస్తాను, మీ గొడ్లు పురుగులు పట్టి చస్తాయి అన్నాడు. తర్వాత బతిమాలాడు. ఊపిరి అందడం లేదు తల్లీ అన్నాడు. నేను లేచాను. గడియ మీద చెయ్యి వేశాను. మంచుగడ్డ! నా చేతి మీద ఇంకో చెయ్యి ఉంది... చిన్న చెయ్యి... చిన్న చిన్న వేళ్లు... కనబడవు, తెలుస్తున్నాయి. అవి నన్ను ఆపలేదండీ. ప్రమాణం చేసి చెప్తాను, ఆపలేదు. నేను లాగితే గడియ వచ్చేది. ఊరికే నా చెయ్యి మీద ఆనుకుని, ఈసారి నేనేం చేస్తానో చూస్తున్నాయి.

నేను చెయ్యి తీసేశాను.

మూడూ ముప్పావుదాకా తట్టాడు. ఆ సేపంతా సెవిలా కత్తెర తీసుకుని, మార్త ఒంటి మీద బిగుసుకుపోయిన ఆ గౌనుని కుట్టు కుట్టుగా విప్పింది.

అయిదింటికి మాలన్ వచ్చాడు. బయటి తలుపు మైనం పగలగొట్టి, గాలి ఆడనిచ్చి, దీపానికి తాడు కట్టి దించి, అప్పుడు దిగాడు. మెట్ల మీద ఫోల్‌వైలర్ బోర్లా పడి ఉన్నాడు. మొహం నీలం, గుడ్లు వెళ్లుకొచ్చాయి, గోళ్లు తలుపు చెక్కలో విరిగి ఉన్నాయి. కుడిచేతి కణుపుల మీద చర్మం లేదు, ఎముక తెల్లగా కనబడుతోంది. సెవిలా వాడిని దాటుకుని దిగి, పీపాని రెండు చేతులా పట్టి కదిపింది. ఆచారం ప్రకారం మొదట్నుంచీ చెప్పింది. మాలన్ మెట్ల మీద నిలబడి మొత్తం విన్నాడు. ఆ వారంలోనే మార్తని తీసుకుని కట్జ్‌టౌన్‌లో ఉన్న తన అక్క ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

సెవిలా ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. మూడింటికి బల్ల ముందు కూర్చుంటుంది. తలుపు చప్పుడు లేదు, పిడికిలి లేవదు. మొన్న వెళ్తే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ఒక్కసారి తట్టినా బాగుండు వదినా అని. లిజ్జీ పోయిందని ఇంటికి తెలిసిపోయింది, లిజ్జీ వెళ్లిపోయింది. దానికి అమ్మ మీద కోపమో, జాలో, ఏదీ చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఫోల్‌వైలర్‌కి కూడా చావురొట్టె కాల్చాను. ఎవరూ అడగలేదు. ఎవరూ తినలేదు.

ఆ రొట్టె కాల్చిన మర్నాడు మా ఇంట్లో పచ్చడికని వెనిగర్ తియ్యడానికి దిగితే, పీపాలోంచి నల్లటి జిగురు వచ్చింది. కుళ్లు కంపు! పీపా చచ్చిపోయింది. మా ఇంట్లో ఎవరూ పోలేదే, నేనేం చెప్పలేదని చచ్చింది అనుకుంటూ ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, పీపాని రెండు చేతులా పట్టుకున్నాను.

లవంగాల సంగతి చెప్తానన్నాను కదా. ఆ రోజు మూడింటికి నేను వాళ్ల వంటింట్లోకి వెళ్లినప్పుడు నేలమాళిగ తలుపు చప్పుడైంది. మూడు, తర్వాత రెండు. నా అడుగుల బరువు గుర్తుపట్టింది పిల్ల. "సలోమీ అత్తా, తలుపు తియ్యవా? ఇక్కడ నిద్రొస్తోంది," అంది. నేను నవ్వాను. "ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలిసేదాకా అక్కడే ఉండవే," అన్నాను. లవంగాల డబ్బా తీసుకుని వాకిట్లోకి వెళ్లి, ఈ ముచ్చట చెబితే అందరూ నవ్వుతారనుకున్నాను. అంతలో తెడ్డు వంతు నాదైంది, మర్చిపోయాను.

ఆ గడియ నేను చెయ్యెత్తితే అందుతుంది.

పీపాని కదిపాను. గట్టిగానే చెప్పాను, పైన వీధిలోకి వినబడేలా.

"లిజ్జీ కిస్లర్ పోయింది. గడియ పెట్టింది సెవిలా. తియ్యనిది నేను."